మన యువజనులు – వృత్తి నిర్ణయము

పరీక్షాఫలితములు వెలువడు దినములు వచ్చినవనగా చెన్నపురియందలి ఆంధ్రకుటుంబములలో నొక్కటే ప్రశ్న వినవచ్చుచుండును: పిల్లవానిని ఏమి చదివింపవలెను? ప్రశ్న పిల్లవానిని గుఱించినదే యైనను, ప్రత్యుత్తరము చెప్పువారిలో పిల్లవాడు తఱచుగా నుండడు. తండ్రి యొకటి చెప్పును. మేనమామ యొకటి చెప్పును. ఎదురింటివారి కుమారుడు అమెరికాలో నున్నాడు గనుక వారు మఱియొకటి చెప్పుదురు. తుదకు దరఖాస్తు గడువు ముగియునాటి తొందరలో నలువది సంవత్సరముల జీవితము నిర్ణయమై పోవును. ఒక చిన్న ఇల్లు కొనవలసి వచ్చినచో మూలపత్రము మొదలు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు వరకు న్యాయవాదికి చూపించి, ఇరుగుపొరుగుల విచారించి గాని బయానా ఈయని మన గృహస్థులు, బిడ్డకు వృత్తిని ఎన్నునపుడు ఆ వృత్తి చేయుచున్నవానిని ఒక్కని నైనను కలిసికొని మాటాడరు. ఈ వైపరీత్యమును గుఱించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఇది కేవలము ఇంటి ముచ్చట యని త్రోసివేయుటకు వీలులేదు. 2022వ సంవత్సరమున మన దేశమున ఆత్మహత్య చేసికొనిన విద్యార్థుల సంఖ్య 13,000 దాటినదని జాతీయ నేర గణాంక సంస్థ నివేదిక చెప్పుచున్నది. ఒక్కొక్క మరణమునకు ఒక్కొక్క కారణముండును. అన్నిటికిని చదువునే కారణముగా చూపుట న్యాయము కాదు. అయినను పదునేడేండ్ల పిల్లకు ఒక్క పరీక్ష తప్పినంత మాత్రమున లోకమున తలుపులన్నియు మూతపడినట్లు తోచుచున్నదన్నచో, ఆ భావమును ఆమె మనస్సున నాటినవారెవరు? లోకమున రెండే వృత్తులు కలవనియు, తక్కినవన్నియు ఓడినవారి కొఱకనియు రెండేండ్లపాటు ఇంటను, బడిలోను, శిక్షణాలయమునను చెప్పి చెప్పి వినిపించిన మనమే.

మనకిది నిన్న మొన్నటి జాడ్యము కాదు. ఉద్యోగమను మాటకు సంస్కృతమున పూనిక, ప్రయత్నము అని అర్థము. ఉద్యోగము పురుషలక్షణమని పెద్దలనినది ఆ యర్థమున. మనమా మాటను జీతపు కొలువునకు కుదించుకొంటిమి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయమును, 1862లో హైకోర్టును ఏర్పడిన పిమ్మట మన మండలములనుండి చదువుకొన్నవాడెల్ల బి.ఏ. పట్టము, దాని వెంట సర్కారు కొలువు, అది దొరకనిచో బి.ఎల్. పట్టమును నల్లకోటును అని ఒకే బాట పట్టెను. ప్రభుత్వోద్యోగములలో ఆంధ్రుల సంఖ్య స్వల్పముగా నున్నదను ఆవేదన 1913లో బాపట్లయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు దారితీసిన కారణములలో నొకటి. ఆ ఆవేదన న్యాయమైనదే. కాని కొలువుల వాటాకై పోరాడిన జాతి, కొలువు కాని పనులను గుఱించి అంత శ్రద్ధగా ఆలోచింపలేదు.

ఒంగోలులో భోజనశాల నడిపి బిడ్డలను సాకిన తల్లి కడుపున పుట్టి, సెకండు గ్రేడు ప్లీడరుగా ఆరంభించి, సీమకు పోయి బారిష్టరై, చెన్నపురి న్యాయస్థానమున ధనమును కీర్తిని ఆర్జించి, 1921లో అదంతయు విడనాడిన టంగుటూరి ప్రకాశముగారి చరిత్ర ఎవరికి స్ఫూర్తి నీయదు? కాని ప్రకాశముగారి కోటును చూచిరే గాని, ఆ కోటు లోపలి గుండెను చూడక న్యాయకళాశాలలో చేరినవారి గతి వేఱు. పులిని చూచి నక్క వాత పెట్టుకొనినట్లాయెను. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యము నాటికి పట్టభద్రుల నిరుద్యోగము దేశసమస్య యయ్యెను. సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము తేజ్ బహదూర్ సప్రూగారి అధ్యక్షతన దానిపై విచారణసంఘమునే నియమింపవలసి వచ్చెను. 1935లో దాని నివేదిక వెలువడెను.

పిమ్మట మోజులు మాఱినవి గాని మోజుపడు స్వభావము మాఱలేదు. 1969లో బ్యాంకులు జాతీయము చేయబడిన పిమ్మట కొంతకాలము బ్యాంకు పరీక్షలే పరమార్థమయ్యెను. 1990 తరువాత కంప్యూటరు వచ్చెను. తమిళనాట ఇంజనీరింగు కళాశాలల సంఖ్య నాలుగు వందలు దాటెను. పలు సంవత్సరములు వేలకొలది సీట్లు నిండక మిగిలిపోయెను. ఒకనాడు తండ్రులు గర్వముతో చెప్పుకొనిన సివిలు, మెకానికలు శాఖలను నేడు కొడుకులు చిన్నచూపు చూచుచున్నారు. అందఱకు కంప్యూటరు సైన్సే కావలెను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది మొదలు, ప్రోగ్రాములు వ్రాయు పనిలో మనుష్యులకు మిగులునది యెంత యని ఆ రంగమువారే తర్కించుకొనుచున్నారు. రైతులకిది తెలియని సంగతి కాదు. ఒక యేడు మిరపకు ధర పలికినచో మఱుసటి యేడు ఊరెల్ల మిరపయే వేయును. కోతనాటికి ధర పడిపోవును. మిరపపంట కొన్ని నెలలలో చేతికి వచ్చును గనుక రైతు ఆపై యేడు దిద్దుకొనగలడు. ఇంజనీరు పంటకు నాలుగేండ్లు పట్టును; వైద్యుని పంటకు పదియేండ్లు పట్టును. విత్తునాటి ధరను చూచి ఇంత దీర్ఘమైన పంట వేయువాడు వివేకి యనిపించుకొనడు.

మోజు పనికిరాదన్నచో దేనిని పట్టి నిర్ణయింపవలెను? అభిరుచిని పట్టి యని నేటి ఉపదేశకులందఱు చెప్పుచున్నారు. ఇందును సగము సత్యమే కలదు. పదునేడేండ్ల వయస్సున నున్న అభిరుచి సాధారణముగా ఒక పాఠ్యవిషయముపైననో, ఒక మంచి ఉపాధ్యాయునిపైననో, చలనచిత్రమున చూచిన వేషముపైననో ఉండును, వృత్తిపై నుండదు. ఏలన, వృత్తిని ఆ పిల్లవాడు చూచియే యుండడు. అభిరుచి పుట్టుమచ్చవలె పుట్టుకతో వచ్చి యుండవలెననియు, అది తనలో కనబడలేదు గనుక తానెందుకును పనికిరాననియు కుములు యువకులను మేమెఱుగుదుము. వారికి సర్వేపల్లి రాధాకృష్ణగారి చరిత్ర చెప్పవలెను. 1888లో తిరుత్తణిలో పేద తెలుగు కుటుంబమున జన్మించిన వారు తత్త్వశాస్త్రము చదువుటకు కారణము జన్మసిద్ధమైన వేదాంతాభిలాష కాదు. అదే కళాశాలలో పట్టము పొందిన జ్ఞాతి యొకరు తన పాఠ్యగ్రంథములను వారికిచ్చిరి. గ్రంథములు కొనుటకు ధనము లేదు. అవి తత్త్వశాస్త్ర గ్రంథములు. అంతే. పిమ్మట ఆ శాస్త్రమున వారు చేసిన కృషియే అభిరుచిని పెంచెను. పనిలో దిగి, శ్రమించి, కొంత నేర్పు సంపాదించిన పిమ్మట కలుగు ప్రీతియే నిలుకడ గల ప్రీతి.

కావున మేము చెప్పునది ఒక్కటే. వృత్తిని దాని పేరునుబట్టి కాక, దాని దినచర్యనుబట్టి ఎన్నుకొనవలెను. ఆ దినచర్యను కన్నులార చూడక ఎన్నుకొనరాదు.

మేమెఱిగిన వృత్తినే ఉదాహరణముగా గైకొందుము. న్యాయవాద వృత్తియనగా న్యాయమూర్తి యెదుట గంభీరముగా వాదించుటయని బయటివారి భావము. న్యాయస్థానపు ఆవరణమున ఒక్క వారము గడపినచో నిజము తెలియును. పది గంటలకు పిలువవలసిన కేసు నాలుగు గంటలకు వాయిదా పడును. దస్తావేజులు చదువుట, తేదీలు సరిచూచుట, ప్లెయింటును ముమ్మారు తిరగవ్రాయుట, భయపడిన కక్షిదారుని మాటలలోనుండి నిజమును ఓపికతో ఏఱి తీయుట – ఇవి నూటికి తొంబది పాళ్లు. వాదము పది పాళ్లు. ఈ తొంబది పాళ్ల పనియందు విసుగు చెందనివాడు ఈ వృత్తికి తగినవాడు, గొంతు ఎంత చిన్నదైనను సరే. ఇక రాబడి సంగతి. చిన్న న్యాయవాదులు పెద్ద న్యాయవాదుల కార్యాలయములలో ఏండ్ల తరబడి దారిఖర్చులతోనే సరిపెట్టుకొనుట మన బారులో అలవాటై పోగా, 2024 జూను నెలలో మద్రాసు హైకోర్టే జోక్యము చేసికొనవలసి వచ్చెను. చెన్నై, మధురై, కోయంబత్తూరులలో నెలకు 20,000 రూపాయలకు, ఇతర స్థలములలో 15,000 రూపాయలకు తక్కువగాని భృతి నీయవలెనని సర్క్యులరు జారీచేయుటకై బార్ కౌన్సిలును ఆదేశించెను. తండ్రికి అప్పు లున్న యింటి పిల్లవాడు న్యాయకళాశాలలో చేరుటకు ముందు ఈ సంగతి తెలిసికొని యుండవలదా?

ప్రతి వృత్తియందును ఇట్టి సంగతులున్నవి. వైద్యవిద్యకు నాలుగున్నర సంవత్సరముల చదువు, ఒక సంవత్సరము ఆసుపత్రి శిక్షణ, ఆపై ఎం.డి.యో ఎం.ఎస్.యో మూడు సంవత్సరములు. ప్రవేశపరీక్షలకై వేచిన యేండ్లు కలిపినచో ముప్పదవ యేడు సమీపించును. రాత్రి రెండు గంటలకు నిద్రలేచి తెలియనివాని నెత్తురు తుడుచుట వైద్యుని దినచర్య. తెల్లకోటు దాని గుర్తు మాత్రమే. చార్టర్డ్ అకౌంటెంటు కాదలచువాడు ఆడిటరు కార్యాలయమున ఆర్టికల్డ్ శిక్షణ పొందవలెను. 2023లో వచ్చిన నూతన విధానమున దాని కాలము మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గినది. పని యేమి? స్వంత సంపాదనతో బ్రతుకగలుగుటకు ఎన్ని యేండ్లు, ఎంత ధనము పట్టును? మధ్యలో ఇది నాకు సరిపడదని తెలిసినచో అక్కడినుండి ఏ దారులు తెఱచి యున్నవి? ఈ మూడు ప్రశ్నలకు ఆ వృత్తిలో నున్నవారినుండి సమాధానములు పొందిన పిమ్మటనే దరఖాస్తుపై సంతకము చేయవలెను.

మూడవ ప్రశ్నను మనవారు బొత్తిగా అడుగరు. ఒక వృత్తిలో అడుగిడినచో అది ఒకే గదియని తలచుదురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపురి హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడిరి. వారు నాడి చూచు వైద్యులు కాలేదు. అమెరికాకు పోయి పరిశోధనాలయమున కూర్చుండిరి. జీవకణములకు శక్తి నిచ్చు ఏ.టి.పి. యను పదార్థమును గుర్తించిన తొలివారిలో నొకరైరి. వారి నాయకత్వమున సాగిన పరిశోధనల ఫలితముగా 1948లో ఆరియోమైసిను వెలువడెను. వైద్యమను పేరుగల ఇంటిలో పెక్కు గదులు కలవు. ఒకదానిలో ఇమడనివాడు మఱియొకదానిలో రాణింపవచ్చును.

దారి ఆలస్యముగా తెలిసినను చింతింపనక్కఱలేదు. దుర్గాబాయిగారు ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయి వచ్చిన పిమ్మట మెట్రిక్యులేషనుకు చదివిరి. 1942లో, ముప్పది దాటిన వయస్సున, న్యాయశాస్త్ర పట్టము పొంది చెన్నపురి హైకోర్టున ప్రవేశించిరి. ఈ నగరముననే వారు 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, చదువు మధ్యలో నిలిచిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధముచేసి, వారి కాళ్లపై వారిని నిలువబెట్టెను. ఆడపిల్లకు వృత్తి యేమిటి, పెండ్లివరకు ఏదో యొకటి చదివిన చాలునను మాట నేటికిని కొన్ని యిండ్లలో వినబడుచున్నది. కుమారునికి వృత్తిని, కుమార్తెకు కాలక్షేపమును ఎన్నుకొను తండ్రి ఆమెకు ద్రోహము చేయుచున్నాడని స్పష్టముగా చెప్పవలసి యున్నది.

కొలువొక్కటే గౌరవమని తలచువారికి మన పెద్దలలో ఇరువురిని జ్ఞప్తిచేయుచున్నాము. కృష్ణామండలపు ఎలకుఱ్ఱునుండి వచ్చి 1891లో పట్టభద్రులైన కాశీనాథుని నాగేశ్వరరావుగారు సర్కారు కొలువునకు పోలేదు. కలకత్తాలోను బొంబాయిలోను ఒరుల వద్ద వ్యాపారపు మెలకువలు నేర్చి, 1893లో అమృతాంజనమును ఆరంభించిరి. ఆ లాభముతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో చెన్నపురియందు దానిని దినపత్రిక గావించిరి. కోయంబత్తూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారికి బడి రుచింపలేదు. ఒక మోటారుసైకిలుపై మనసుపడి, అది కొనుటకై భోజనశాలలో పనిచేసి ధనము కూడబెట్టి, కొని, భాగములను ఊడదీసి మరల బిగించి యంత్రమర్మము నేర్చిరి. 1920లో పొల్లాచి–పళని దారిపై బస్సు నడిపిరి. 1937లో విద్యుత్ మోటారు తయారుచేయించిరి. అందఱును బడి మానవలెనని మా యభిప్రాయము కాదు. ఇరువురును చేతులతో పని నేర్చిన పిమ్మటనే స్వంత పనికి పూనుకొనిరనుటను గమనింపవలెను. 1961 నాటి అప్రెంటిసుల చట్టము మూలమున కర్మాగారములలో భృతితో పని నేర్చుకొను మార్గము నేటికిని కలదు. మన మధ్యతరగతి వారి కన్నులకది ఆనదు.

తండ్రులకు ఇందు ప్రమేయము లేదని మేమనుట లేదు. పోషించువానికి మాటాడు హక్కు కలదు. కాని ఆ మాట మొదట లెక్క రూపమున నుండవలెను. ఇంటి రాబడి యింత, చెల్లెలి చదువున కింత కావలెను, నీ చదువున కింతవఱకు పెట్టగలము, ఇంతకు మించి అప్పుచేయము అని పిల్లల యెదుట కాగితముపై వ్రాసి చూపిన తండ్రి, వేయి హితోపదేశములకంటె మిన్నయైన మేలు చేసినవాడగును. ఆ లెక్క దాచిపెట్టి, పొలము నమ్మి సీటు కొని, పిమ్మట జీవితాంతము ఆ త్యాగమును పిల్లవానికి గుర్తుచేయుచుండుట ప్రేమ యనిపించుకొనదు. కోటి విద్యలు కూటికొఱకే యని సామెత. కూటికొఱకైన విద్య మెడకు గుదిబండ కారాదు. లెక్క చెప్పి, హద్దు చూపి, ఆ హద్దులోపల ఎన్నుకొను భారమును పిల్లలకు వదలవలెను. తాము ఎన్నుకొనిన దారిలో ముల్లు గ్రుచ్చుకొనినను వారు ఓర్చుకొందురు. ఒరులు త్రోసిన దారిలో పూలు పఱచినను నడువలేరు.

ఇక, చెన్నపురియందలి ఆంధ్రవైద్యులకు, న్యాయవాదులకు, ఆడిటర్లకు, ఇంజనీర్లకు, వర్తకులకు మా విన్నపమొకటి కలదు. 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ విద్యావిధానమున, ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు చదువు పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తులవారి వద్ద పని చూచి నేర్వవలెనని సూచించిరి. తమిళనాడు ప్రభుత్వము 2022లో నాన్ ముదల్వన్ పథకమును ఆరంభించి, విద్యార్థులకు వృత్తిమార్గములను చూపుటకు పూనుకొన్నది. ఆ విధానములపై రాజకీయ వివాదముల నటుంచి, మన చేతిలో నున్న పని మనము చేయవచ్చును. మీ కార్యాలయపు తలుపు తెఱచుటకు ఏ చట్టమును అక్కఱలేదు. ప్రతి వేసవియందును ఇద్దఱు విద్యార్థులను పది దినములపాటు మీ వెంట నుండనిండు. రోగుల, కక్షిదారుల రహస్యములకు భంగము రాని పనులను చూపుడు. మీ వృత్తిలోని సౌఖ్యములతోపాటు కష్టములను, మీరు మొదటి యైదేండ్లు ఎట్లు నెగ్గుకొని వచ్చితిరో దానిని, దాపరికము లేక చెప్పుడు. నగరమున నున్న తెలుగు సంఘములు ఉగాది సభలకు అతిథుల జాబితా తయారుచేయు శ్రద్ధలో సగము పెట్టి, ఇట్లు తలుపులు తెఱచువారి జాబితాను తయారుచేసినచో చాలును.

ఆ జాబితాలో మొదటి స్థానము బంధువుల పిల్లలకు దక్కరాదు. ఈ నగరపు వీధులను శుభ్రపఱచు కార్మికులలో తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు అనేకము కలవు. వారి పూర్వులు నెల్లూరు మొదలగు మండలములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. ఆ బిడ్డలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, బడిలో ఆంగ్లమును నేర్చుచున్నారు. రెండు రాష్ట్రముల వ్యవహారములు కలియు ఈ నగరమున, న్యాయస్థానమునను, ఆసుపత్రిలోను, వర్తకమునను మూడు భాషల మనిషికి ఎంత విలువ కలదో మనకు దినదినము అనుభవమే. అయినను ఆ బిడ్డలకు ఆ విలువను చెప్పువారు లేరు. మన యిండ్లలో ఒక్క పిల్లవానికి పదిమంది సలహాదారులు. వారి యిండ్లలో పదిమంది పిల్లలకు ఒక్కడును లేడు. తండ్రి చీపురు కొడుకు చేతికి వచ్చుటను వృత్తినిర్ణయమని యెవ్వరు అనగలరు? ఎన్నుకొనుటకు రెండు దారులైనను కనబడినపుడే ఎన్నిక యనుమాటకు అర్థము.

ఆ రెండవ దారిని చూపగల స్థితిలో నున్నవారు ఈ నగరమున వేలమంది కలరు. వారిలో పెక్కండ్రు తమ తొలిదినములలో ఎవరో యొక పెద్దమనిషి తలుపు తెఱచినందుననే లోనికి వచ్చినవారు. ఆ ఋణమును తీర్చుటకు వేసవిలో పది దినములు పెద్ద మూల్యము కాదు. రాబోవు వేసవి సెలవులలోపల మన సంఘములీ విషయమున కార్యరూపమైన నిర్ణయమునకు రాగలవని ఆశించుచున్నాము.